ఏ రూపాయి?

నేను ఒక నల్లరాతి పలకను. పుట్టింది మార్కాపురం గనుల్లో. నాతోపాటు చీలిన రాళ్ళన్నీ బడిపిల్లల చేతుల్లోకి వెళ్ళాయి. నేను కాస్త వెడల్పుగా చీలడంతో ఏ పిల్లవాడి సంచిలోనూ పట్టనని తేల్చి, చెక్క చట్రం బిగించి, చిదంబరం శెట్టిగారికి అమ్మేశారు.

శెట్టిగారు సరాఫు. నైజాం సరిహద్దు వాగుకు ఇవతలి గట్టున నాణేలు మార్చే కొట్టు ఆయనది. అవతల చెల్లేది నిజాంగారి హాలీ, ఇవతల చెల్లేది ఇంగ్లీషువారి కల్దారు. రెండూ వెండివే, రెండూ రూపాయలే. కాని ఏడు హాలీలు ఇస్తేగాని ఆరు కల్దార్లు రావు. మోకాలిలోతు వాగు దాటేసరికి ఏడు ఆరైపోయేది. మనుషులు దీన్ని చాలా గంభీరంగా తీసుకునేవారు. వాగులో చేపలు మాత్రం పట్టించుకునేవి కావు.

ధర ఒకచోట నిలిచేది కాదు. అవతల శిస్తులు కట్టే కాలం వస్తే హాలీ కొంచెం బిగిసేది, పత్తి అమ్మకాలు ముగిశాక సడలేది. శెట్టిగారు పొద్దున్నే సుద్దముక్కతో ఆనాటి ధర నామీద రాసేవారు. రాసింది దీపాలు పెట్టేదాకా చెరిపేవారు కాదు. మధ్యాహ్నం ధర తిరగబడ్డ కబురు వచ్చినా సరే. "పొద్దున చూసి బయలుదేరినవాడు సాయంత్రానికి చేరతాడు. వాడికేం తెలుసు?" అనేవారు. ఆ చేతిరాత మోసినందుకు నాకిప్పటికీ గర్వమే.

ఒక ఏడు తొలకరి పడగానే సీతారావమ్మగారు కొట్టుకు వచ్చింది. భర్త పోయాక కౌలుకు చేసుకుంటున్న మనిషి. ఉన్న ఎడ్లు గాలికుంటుతో చచ్చిపోయాయి. ఆ పదునులో దున్నకపోతే పొలం వేరేవాళ్ళకు పోతుంది. అవతలి సంతలో ఎడ్లు కొనడానికి ఉన్న కల్దార్లన్నీ ఇచ్చి నూటనలభై హాలీలు తీసుకుని, మరిది పుల్లయ్యను పంపింది.

పొద్దు వాలేవేళ పుల్లయ్య వచ్చాడు. వెంట ఎడ్లూ, వాటిని అమ్మి కూడా పగ్గం వదలని అవతలి రైతు మల్సూరూ. కబురు అంది సీతారావమ్మగారూ వచ్చింది. సంతలో బేరం తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని చేస్తారు. పక్కవాడికి అంకె తెలియకూడదని ఆ ఏర్పాటు. తీరా చూస్తే, పట్టుకున్న ఇద్దరికే తెలియలేదు.

"నూటనలభైకి వేళ్ళు పట్టినవా లేదా?" అన్నాడు మల్సూరు.

"పట్టాను. ఇవిగో నూటనలభై."

"గివి హాలీలు! కల్దారోళ్ళు కొంటున్నరు గద, కల్దారే ఇస్తరనుకున్న."

"ఏ రూపాయో అడగలేదా పుల్లయ్యా?" అంది ఆవిడ.

"వేళ్ళకు నోరుంటుందా వదినా? తువ్వాలు తీసి అరవమంటావా?"

అందరూ శెట్టిగారి వైపు తిరిగారు. "నేను మారకం చెబుతాను. తగవు చెప్పను," అని ఆయన నన్ను గోడకు తిప్పేశారు. ఇక నాకు సున్నం తప్ప ఏమీ కనబడలేదు. చెవులు మిగిలాయి.

"ఎనభై రూపాయలు పెట్టి కొన్న, మూడేండ్లు మేపిన. నా నూటనలభై రూపాయలు నాకు రావాలె, గంతే!" అన్నాడు మల్సూరు.

"ఆ ఎనభై ఏ రూపాయలు, అన్నా?" ఆవిడ మెల్లగా అడిగింది.

"ఏ రూపాయలేంది? రూపాయలే! కల్దార్ అయితే కల్దార్ అనే అంట గద..."

మాట మధ్యలో ఆగిపోయింది. ఒట్టి రూపాయంటే హాలీయేనని తన నోటే ఒప్పుకున్నట్టు అతనికే తెలిసింది.

పుల్లయ్య నవ్వు వినిపించింది. ఆవిడ నవ్వలేదు.

"ఆగు పుల్లయ్యా. నీతో నేనేమన్నాను? నూటనలభై రూపాయల దాకా వెళ్ళమన్నాను. మనవైపు రూపాయంటే కల్దారే, హాలీ అయితే హాలీ అనే అంటాం. ఆయన మాట పట్టుకుంటే నా మాటా పట్టుకోవాలి."

"గెలిచిన బేరం వదినా!"

"నేను గెలవడానికి రాలేదు, దున్నడానికి వచ్చాను." తర్వాత గొంతు కాస్త తగ్గింది. "అన్నా, ఇంతకుమించి నా దగ్గర లేవు. ఉన్నమాట చెప్పాను. పగ్గం నీ చేతిలోనే ఉంది."

పగ్గం కదిలి ఎడ్ల మెడగంటలు మోగాయి.

"నా రూపాయి నాకు ముట్టింది అక్కా. పట్టు పగ్గం," అన్నాడు మల్సూరు. "గీ ఎర్రెద్దు, మా ఎర్రోనికి వరిగడ్డి ఎక్కది. జొన్నచొప్ప వెయ్యాలె."

శెట్టిగారు నన్ను మళ్ళీ వీధివైపు తిప్పేసరికి ఎడ్లు ఆవిడ వెంట నడుస్తున్నాయి. మర్నాడు వాటి కాళ్ళకు దుక్కి బురద చూశాను.

ఇప్పుడు నన్నొక ప్రదర్శనశాలలో గాజు వెనక ఉంచారు. కింద 'పాత బడి పలక' అని చీటీ. నేనేమీ అనుకోను. ఒక్కరోజు కూడా బడికి వెళ్ళకుండానే దక్కిన గౌరవం.

హాలీ చెల్లుబాటు ముగిసేముందు, నామీద చివరిసారి ధర రాసిన రోజు కొట్టు ముందు జనం కిటకిటలాడారు. అందరి కళ్ళూ నామీదే. వాళ్ళలో మల్సూరూ ఉన్నాడు, జుట్టు తెల్లబడింది. తన మూటను గల్లాపెట్టె మీద పెట్టాడు. ధర వైపు మాత్రం చూడలేదు.

"సేటూ, ఎర్రోడు మంచిగున్నడా?"

"ముసలాడైపోయాడు," అన్నారు శెట్టిగారు మూట విప్పుతూ. "వరిగడ్డి ఇప్పటికీ ముట్టడట."