తెర మీద ఎల్లారావు పేరు

సొమ్మొకడిది, సోకొకడిది. మద్దిలపాలెంలో మా ఆఫీసు ముందు కంపెనీ బోర్డుకి బదులు ఈ సామెత రాయించినా సరిపోయేదని నాకు చాలాసార్లు అనిపించింది. మేం అమ్మే కంప్యూటర్ టూలుకి పునాది మాది కాదు. ఎక్కడెక్కడి కెమిస్ట్రీ వాళ్ళో ఏళ్ళ తరబడి రాసి, ఎవరైనా వాడుకోండని ఊరికే వదిలిన ప్రోగ్రాం లైబ్రరీ అది. దాని మీద మల్కాపురం కుర్రాడు ఉమామహేష్ ఇంకో భాగం కట్టాడు. డ్రమ్ము అడుగున మిగిలిన రసాయనం పేరు, కడగడానికి పోసేదాని పేరు ఇస్తే, రెండూ కలిసి విషవాయువు పుడుతుందో లేదో అది చెబుతుంది. పుడితే తెర ఎర్రగా మారుతుంది, లేకపోతే పచ్చగా. మేం చేసిందల్లా దానికి బటన్లు పెట్టి సోకులు దిద్దడం.

ఉమామహేష్ తండ్రి ఎల్లారావు అలాంటి డ్రమ్ము కడుగుతూనే పోయాడు. యాసిడ్ పోసి మూతపెట్టి, కాసేపాగి మూత తీసి లోపలికి వంగిన మనిషి మళ్ళీ లేవలేదు. అందుకే ఆ కుర్రాడు తన పనిని కూడా అందరికీ ఊరికే ఇచ్చేశాడు. ఒకటే షరతు పెట్టాడు. వాడుకున్నవాళ్ళు తెర మీద ఎల్లారావు పేరు ఉంచాలి.

మా టూలు మొదట కొన్నది ఊరి బయట ఒక మందుల ఫ్యాక్టరీ. అక్కడ డ్రమ్ములు కడిగేవాళ్ళలో మా తమ్ముడు దొరబాబు ఒకడు. ఇక వాడి ప్రాణానికి ఒక కాపలా దొరికిందని నేను సంబరపడ్డాను. పంపాల్సిన రోజు పొద్దున్నే మా యజమాని కృష్ణంరాజు గారు నన్ను పిలిచారు. ఆయనది భీమవరం వైపు, మాటలో మర్యాదకి లోటుండదు.

“ఎవరమ్మా గౌరీశ్వరీ ఈ ఎల్లారావు? కొన్నవాళ్ళు అడిగితే ఏం చెప్తాం? లైబ్రరీ వాళ్ళ పేర్లు, ఈ పేరు, అన్నీ తీసేయండి. మన కంపెనీ పేరొక్కటే ఉండాలి.”

“తియ్యకూడదు సార్. షరతుంది.”

“ఎవరు చూస్తారమ్మా.”

నాకు ఒళ్ళు మండింది. మాది జాలారిపేట. సముద్రంలో పోయిన మనిషి పడవని మా పేటలో ఎవరు కొన్నా, రంగులు మార్చుకుంటారు గానీ అతని పేరు చెరపరు. తమ పేరు దాని కింద రాసుకుంటారు. “పేరు సెరిపీసిన పడవ మునిగిపోదే. దానికి ఒడ్డు కనపడదు, అంతే,” అంటుంది మా అమ్మ కాసులమ్మ. ఆ మాటే ఆయనతో అన్నాను. ఆయన నవ్వి, తానే కూర్చుని పేర్లన్నీ తీసేసి, టూలు ఫ్యాక్టరీకి పంపేశారు.

పంపే ముందు పరీక్షించడం నా పని. ఆయన తొందర పుణ్యమా అని పంపాక పరీక్షించాను. సోడియం సల్ఫైడ్ మీద యాసిడ్ ఇచ్చాను. పచ్చ. సయనైడ్ మీద యాసిడ్ ఇచ్చాను. పచ్చ. అది ఎంత విషమో కాలేజీ పిల్లల్ని అడిగినా చెబుతారు. పాత కాపీ తీసి, రెండూ పక్కపక్కన పెట్టి పోల్చి చూశాను. పేర్లు తప్ప ఇంకెక్కడా తేడా లేదు. ఆ పేర్లని ప్రోగ్రాం అసలు చదవదు, అవి మనుషులు చూసుకోవడానికే. ఎల్లారావు పేరు తిరిగి రాశాను. తెర ఎర్రబడింది. చెరిపాను. పచ్చ.

కృష్ణంరాజు గారిని పిలిచి చూపించాను. “మళ్ళీ చెయ్యండి,” అన్నారు. చేశాను. నేను తమ్ముడికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను.

“ఒరే, నాను సెప్పేదాకా ఏ డ్రమ్ము మూతా తియ్యకు.”

“తియ్యనిత్తే కదా,” అన్నాడు దొరబాబు విసుగ్గా. “మీ టూలు పచ్చ సూపించింది, యాసిడ్ పోసి మూతెట్టీసినాం. ఇప్పుడు తీద్దామంటే ఎవుడో పెద్దాయన మూత మీద సెయ్యేసుకుని నిలబడిపోనాడు. జరగమంటే జరగట్లేదు.”

“ఎవుల్రా?”

“నాకేటి తెలుసు, ఎప్పుడూ సూడ్లేదు. పేరేటి మావా అనడిగితే, మీ అక్కకి తెలుసంటన్నాడు.”

భయంతో నాకు ఏడుపొచ్చింది. “ఆయన మాటిను. అందర్నీ తీసుకుని బయటికెల్లిపో,” అన్నాను. వెంటనే ఎల్లారావు పేరు మళ్ళీ రాసి, టూలు తిరిగి పంపాను. ఫోన్లో అడుగుల చప్పుడు, ఎవరినో తొందరపెడుతున్న కేకలు వినిపించాయి. ఆ తర్వాత దొరబాబు గొంతు వచ్చింది.

“ఇప్పుడు ఎర్రగా సూపిత్తందక్కా. అందరం బయటికొచ్చీసినాం.”

“ఆ పెద్దాయన?”

“మాతో రాలేదు. ఇక్కణ్ణించి సూత్తంటే డ్రమ్ము కాడ ఎవులూ లేరు. లోపలికెల్లి తీసుకొచ్చీమంటావా?”

“వద్దురా. ఆయనకింక ఏటీ అవదు.”

ఫోన్ పెట్టేసి చూస్తే కృష్ణంరాజు గారు నా పక్క కుర్చీలో కూలబడి ఉన్నారు. “మిగతా పేర్లు కూడా నేనే తీసేశానమ్మా,” అన్నారు నెమ్మదిగా. “లైబ్రరీ రాసినవాళ్ళవి. వాళ్ళలో బతికున్నదెవరో, పోయినదెవరో మనకి తెలుసా?”

తెలియదన్నాను. ఆయన కంప్యూటరు తన వైపు లాక్కున్నారు. పాత కాపీ చూస్తూ, మధ్యమధ్యలో వెనక్కి తిరిగి చూసుకుంటూ, ఒక్కో పేరే తిరిగి టైపు చేశారు. మా కంపెనీ పేరు మాత్రం అన్నిటికన్నా కింద రాశారు.