సంధ్యారాణి పేరున

సంధ్యారాణి బెండకాయలు తరుగుతుండగా భర్త మహిపాల్ ఫోన్ పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. "నీ ట్యాక్స్ రిఫండు ఎనక్కి పోయిందంట. నా అకౌంటు నంబరిస్తే నడ్వదంట, నీ పేరు మీదనే ఉండాల్నంట. గిదేం రూలు? మొగుడు పెండ్లాలకు ఏరేఏరేగ ఉంటదా?"

ఆమె పేరున ఖాతా లేదు. పదకొండేళ్లుగా ఎల్బీనగర్‌లో ఒక చిన్న ప్రైవేటు దవాఖానలో రక్తపరీక్షలు చేస్తోంది. నెలనెలా జీతం పడుతోంది, అదంతా మహిపాల్ ఖాతాలోనే. చేరిన రోజు ఫారం ఆయనే నింపాడు. "నువ్వు బ్యాంకుల చుట్టు ఏడ తిరుగుతవ్, నేను లేనా" అన్నాడు. అప్పుడది ప్రేమలాగే వినిపించింది. ఇప్పుడు తలుచుకుంటే తన మీద తనకే నవ్వొస్తుంది. దవాఖాన వాళ్లు ఆమెను ఉద్యోగి అనరు, కన్సల్టెంటంటారు. పీఎఫ్ ఎగ్గొట్టడానికి ఇచ్చిన హోదా అది. ఆ హోదా పుణ్యమా అని పెద్ద డాక్టర్లకు పట్టినట్టే జీతంలో పదోవంతు పన్ను పట్టుకుంటారు. రిటర్ను వేస్తే తిరిగొస్తుందని ఆడిటరు చెప్పాకే మహిపాల్ ఈ ఏడు మొదటిసారి వేయించాడు.

షేర్ ఆటోకు, పాప నోటు పుస్తకాలకు, ఆఖరికి నెలనెలా ప్యాడ్లకు కూడా ఆమె ఆయన ముందు నిలబడాలి. ఆయన తిట్టడు, ఇవ్వననడు. రెండే మాటలు అడుగుతాడు. "ఎంత? దేనికి?" రెండో దానికి జవాబు చెప్పేటప్పుడు ఆమె గొంతు చిన్నదైపోతుంది. ఒకసారి హాల్లో అందరూ ఉంటే ప్యాడ్లకని చెప్పలేక కొత్తిమీరకంది. "కొత్తిమీరకు అరవై రూపాయలా!" అని అత్త ఆండాలమ్మ వారం రోజులు ఆడిపోసుకుంది.

సోమవారం దిల్‌సుఖ్‌నగర్‌లో బ్యాంకుకు వెళ్లారు. కౌంటరులో అమ్మాయి కోస్తా వైపు మనిషి. "ఫోన్ నంబరు ఎవరిది వేయమంటారండీ?" అంది.

"నాదే రాయి. ఓటీపీలు గీటీపీలు ఆమెకు పరేషాన్," అన్నాడు మహిపాల్. ఇంతలో ఆయన అమ్మిపెడుతున్న నాదర్‌గుల్ ప్లాటు చూడవచ్చిన పార్టీ ఫోన్ చేస్తే మాట్లాడుతూ బయటికి నడిచాడు.

అమ్మాయి పెన్ను పట్టుకుని సంధ్యారాణి వైపు చూసింది. "మీరు చెప్పండి మేడమ్. ఖాతా మీదే కదా?"

సంధ్యారాణి తన నంబరు చెప్పింది. పేషెంటుకు టోకెన్ చెప్పినట్టు ఒక్కో అంకె విడివిడిగా, గట్టిగా చెప్పింది.

ఆడిటరు కొత్త ఖాతా నంబరు ఎక్కించిన మూడు వారాలకు, ఎవరి చేతికో రబ్బరు పట్టీ కట్టి నరం వెతుకుతుంటే కోటు జేబులో ఫోన్ మోగింది. రక్తం తీసి, దూది నొక్కి, చేతులు కడుక్కున్నాకే చూసింది. పద్దెనిమిది వేల చిల్లర, ఆమె పేరున. సంతోషం కన్నా ముందు కోపం వచ్చింది. ఇంత తేలికైన పనికా పదకొండేళ్లు పట్టింది!

మధ్యాహ్నం పై అంతస్తుకెక్కి, జీతాలు చూసే జంగయ్య సారు ముందు కొత్త పాస్‌బుక్కు పెట్టింది. "ఈ నెల నుంచి నా జీతం దీంట్ల వెయ్యుండ్రి సార్."

"మీ ఆయనకు చెప్పినవా అమ్మా?"

"జీతం నాది గద సార్."

ఆయన పాస్‌బుక్కు తెరిచి నంబరు ఎక్కించుకున్నాడు.

సాయంత్రం చపాతీ పిండి కలుపుతుంటే మహిపాల్ మళ్లీ అదే గుమ్మంలోకి వచ్చాడు. "రిఫండు పడ్డదని ఆడిటరు చెప్పిండు. నాకు మెసేజ్ రాలేదేంది?"

"నాకొచ్చింది."

"సరే, జర నా అకౌంటుల కొట్టు."

సంధ్యారాణి పిండి చేతులు కడుక్కుంది. కొంగుకు తుడుచుకుని ఫోన్ చేతిలోకి తీసుకుంది. గొంతు చిన్నదవలేదు.

"ఎంత?" అంది. "దేనికి?"