ఇంద్రాణి నడక చదువు

పెన్ను తెచ్చుకుందామని జగదల్‌పూర్ హాస్టల్ గదిలోంచి బయల్దేరితే, ఇంద్రాణి పెన్ను తప్ప లోకంలో ఉన్నవన్నీ చూసుకుని వచ్చేది. వరండాలో ఎవరో జడ వేసుకుంటుంటే అక్కడో సలహా, వంటగదిలోంచి తాలింపు వాసన వస్తే అక్కడో ఆరా. తిరిగొచ్చి మంచం మీద కూలబడ్డాక, అసలు దేనికి లేచిందో గుర్తుండేది కాదు.

చూసేవాళ్లకు అది నవ్వులాటే. ఆమె బాధ ఆమెది. మొదటి ఏడాది వృక్షశాస్త్రం పరీక్షలో ఆకు బొమ్మను ఈనెలతో సహా ముచ్చటగా వేసింది. అది పూర్తయ్యేసరికి గంట కొట్టేశారు. తెలిసిన జవాబులన్నీ కడుపులోనే ఉండిపోయాయి. పేపరు తప్పింది. బచేలీ ఇనుప గనిలో డంపర్ లారీ నడిపే తండ్రి భానుప్రసాద్ కోప్పడలేదు గానీ, "తెలివికేటి తక్కువ? ఒళ్లొంగదు, అంతే" అన్నాడు. ఆ మాట ముల్లులా దిగింది. ఆమె ఒళ్లు ఎంత వంచినా మనసు వంగలేదని ఎవరికి చెప్పుకుంటుంది?

ఆ జవాబు పత్రం చూసి, పాఠం చెప్పే పూనం మేడం ఊరుకోలేదు. తనే వెంటబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లింది. డాక్టరమ్మ ఎన్నో ప్రశ్నలు వేసింది. చిన్ననాటి సంగతులు తల్లి రమణమ్మను ఫోన్లో అడిగి తెలుసుకుంది. దీన్ని ఏకాగ్రత లోపం అంటారనీ, బద్ధకం కానే కాదనీ చెప్పింది. మాత్రలు రాసిచ్చి, పాఠాన్ని చిన్న ముక్కలు చేసుకోమంది, పక్కన ఎవరినైనా కూర్చోబెట్టుకోమంది, కదలాలనిపిస్తే కదలమంది. బయటికొచ్చి ఇంద్రాణి ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చింది, ఇన్నేళ్లూ తనను తాను తిట్టుకున్నందుకు.

పక్కన కూర్చోవడానికి సన్నే అనే అమ్మాయి దొరికింది. ఒకే గది, ఒకే తరగతి. కోంటా దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఆ పిల్లకు హిందీ పుస్తకంలోని శాస్త్రం మాటలు రాళ్లలా తగిలేవి.

"ఏందే, గట్ల గెంతుతున్నవ్?" అంది సన్నే మొదటి రోజు. "సరే, తిరుగు. గానీ తిరుక్కుంట ఆ పాఠం నాకు మన మాటల్ల చెప్పు."

అంతే, ఇంద్రాణికి ఊపొచ్చింది. వేరు నీళ్లు ఎలా పైకి పంపుతుందో చెప్పడానికి "నేనే నీళ్లు, చూడు!" అంటూ మెట్లు ఎక్కేసింది. పైన వార్డెన్‌ను ఢీకొట్టబోయి ఆగింది. ఆవిడ చివాట్లు పెట్టి, వెళ్లబోతూ వెనక్కి తిరిగి, "ఆకు దాకా వెళ్లాక ఆ నీళ్లేమవుతాయి?" అని అడిగింది.

అన్ని రోజులూ అలా సాగలేదు. మాత్ర మర్చిపోయిన రోజులున్నాయి. వేరుతో మొదలైన పాఠం ఏనుగుల దగ్గర తేలిన రోజులూ ఉన్నాయి. "ఏనుగును పోనియ్. వేరు కాడికి రా" అని సన్నే లాక్కొచ్చేది.

పరీక్ష రోజున పూనం మేడం ఇంద్రాణికి గోడ పక్క చోటు ఇప్పించింది. సగం పరీక్షలో గోరింక ఒకటి హాల్లోకి దూరింది. అందరూ తలలెత్తారు. ఇంద్రాణి అందరికంటే ఎక్కువసేపు చూసింది. "వేరు కాడికి రా" అని తనకు తనే చెప్పుకుని, ప్రశ్న మీద వేలు పెట్టుకుని మళ్లీ మొదలుపెట్టింది. ముందు జవాబులన్నీ రాసేసి, బొమ్మల ముచ్చట తర్వాత తీర్చుకుంది.

ఫలితాల్లో ఇద్దరూ గట్టెక్కారు. ఇంద్రాణికి ఫస్టు క్లాసు కూడా వచ్చింది. తల్లిదండ్రులు బస్సెక్కి వచ్చారు, వట్టి చేతులతో.

"సున్నుండలు చేశానమ్మా," అంది రమణమ్మ. "దంతెవాడలో టీ తాగి, మీ నాన్న సంచీ బెంచీ మీదే వదిలేసి బస్సెక్కేశారు. పెళ్లైన కాడ్నుంచీ ఇదే వరస. ఆ డాక్టరమ్మ ఎక్కడుంటుందే?"

భానుప్రసాద్ సిగ్గుపడుతూ మెడ రుద్దుకున్నాడు. "చిన్నప్పుడు బళ్లో నన్నూ రోజూ బెంచీ ఎక్కించేవోరమ్మా," అన్నాడు మెల్లగా. "నువ్వు దాటేశావు."

ఇంద్రాణి ఆటోను పిలిచింది. సన్నేతో కలిపి నలుగురూ ఇరుక్కుని కూర్చున్నారు. మిఠాయి కొట్టు ముందు ఆపించుకుని, వేడి జిలేబీ తింటూ ఆసుపత్రి దారి పట్టారు.