నీళ్లు పీల్చని చెక్క

"ఇంత ముచ్చటగా వేస్తే గొడ్డలి ఎలా విసరమంటావమ్మా? ఫ్రేము కట్టించి ముందుగదిలో తగిలించుకోవాలనిపిస్తోంది!" అన్నాడు బస్సు డ్రైవర్. గురిచూసి గొడ్డలి విసిరే ఆట ఆడుకునే ఆ షెడ్డులో చిన్నాపెద్దా అందరికీ ఆయన బాబాయే.

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. గోడకి బిగించిన కొత్త చెక్కల మీద ఎరుపూ నీలం వలయాలు నిగనిగలాడుతున్నాయి. చిత్రకారిణి సిగ్గుపడింది. లోపల మాత్రం ఎగిరి గంతేసినట్టుగా ఉంది. ఆమె ఒక పని మొదలుపెట్టి పూర్తిచేసి ఏడాది దాటిపోయింది మరి.

ఏడాది కిందట ఆమె బొమ్మల ప్రదర్శన చూసిన పెద్దమనిషి ఒకాయన పత్రికలో ఒక్క ముక్క రాశాడు, గీతలో భయం కనబడుతోందని. అది ముల్లులా దిగబడిపోయింది. అప్పటినుంచీ ఆమె కాన్వాసుకి అడుగుపూతగా తెల్లటి ప్రైమర్ పూస్తుంది. ఆరాక గరుకు కాగితంతో రుద్దుతుంది. ఎక్కడో గరుకు మిగిలిందని మళ్లీ పూస్తుంది. బొమ్మ మాత్రం మొదలవదు. ఒకే ఇంట్లో ఉంటూ ఈ తంతంతా చూసి చూసి విసిగిపోయింది వదిన.

"తెల్లరంగు పూయడమే పనైతే గోడలకి పూయి అమ్మాయ్, నాలుగిళ్లు శుభ్రపడతాయి," అని తను ఆడే ఈ గొడ్డళ్ల షెడ్డుకి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. వదిన ఆసుపత్రిలో నర్సు. రోజంతా అందరితో నెమ్మదిగా మాట్లాడి, సాయంత్రం ఇక్కడికొచ్చి గొడ్డలి విసిరితే గానీ ఆమెకి అన్నం సహించదు.

షెడ్డు నడిపేది డ్రిల్లు మేడం. బడిలో ఉద్యోగం మానేసినా మెడలో ఈల మాత్రం మానలేదు. మొదటిరోజు చిత్రకారిణి గొడ్డలి పైకెత్తి అలాగే నిలబడిపోతే, "విసురుతున్నావా, దండం పెడుతున్నావా?" అని అరిచింది. అందరితోపాటు తనూ నవ్వేసింది చిత్రకారిణి. ఆ నవ్వుతోపాటే గొడ్డలి చేతిలోంచి వెళ్లిపోయింది. దబ్‌మని చెక్కలో దిగిన ఆ చప్పుడు ఆమె వెన్నులోకి పాకింది. ఆ రోజునుంచి ఆమె ఇక్కడి మనిషే అయిపోయింది. పాత చెక్కలు నుగ్గయిపోయి కొత్తవి తెప్పిస్తే, ఇవాళ ఇంకో జట్టుతో జరిగే పోటీకి వలయాలు తానే వేస్తానని ఇంటికి తీసుకెళ్లింది.

ఇప్పుడు డ్రిల్లు మేడం నీళ్ల గొట్టం తెచ్చి చెక్కల మీద చిమ్మింది. ఆటకి ముందు తడపడం ఇక్కడి అలవాటు. తడి తాగిన చెక్క మెత్తబడి గొడ్డలిని పట్టుకుంటుంది. మేడం అవతలి జట్టుతో మాట్లాడుతూ చిమ్మేసి పక్కకి తిరిగింది. చిత్రకారిణి మాత్రం చూసింది. నీళ్లు చెక్కలోకి ఇంకలేదు. కారు అద్దం మీది వానలా చుక్కలు చుక్కలుగా జారి నేలమీద పడ్డాయి.

ఆమెకి అప్పుడు వెలిగింది. రంగు నిలవాలని చెక్కకి మూడు పూతల ప్రైమర్ వేసింది. పైన వార్నిష్ పూసింది. ఎండు చెక్కని, ఒక్క చుక్క నీళ్లు పీల్చకముందే, డబ్బాకి మూత బిగించినట్టు బిగించేసింది.

ఈల మోగింది. వదిన పసుపు గీత దగ్గరికెళ్లి రెండు చేతులతో గొడ్డలి ఎత్తి విసిరింది. టంగ్‌మని మోగి గొడ్డలి కిందపడి, రబ్బరు పరుపు మీద దొర్లింది.

"ఏంటక్కా, ఇంజెక్షన్ ఇచ్చినంత సుతారంగా విసిరావ్?" అన్నారెవరో అవతలి జట్టులోంచి. అందరూ గొల్లుమన్నారు. వదిన ముఖం ఎర్రబడింది.

చెప్పాలి. కానీ చెబితే? ఇందాక చెక్కల్ని మెచ్చుకున్న ఆ కళ్లన్నీ ఇప్పుడు తనవైపు ఎలా తిరుగుతాయో ఆమెకి తెలుసు. మళ్లీ ఆ పత్రికలోలాంటి ముక్కే వినాలి. ఆటని పాడుచేసినవాళ్లకి ఇక్కడ చోటేముంటుంది? ఒక్కసారి తగలకపోతే ఏమైంది, వదిన చెయ్యి జారిందేమో అని తనకి తనే సర్దిచెప్పుకుంది.

వదిన పట్టుదలకొచ్చింది. రెండోసారి ఒళ్లంతా కూడదీసుకుని విసిరింది. గొడ్డలి చెక్కకి కొట్టుకుని, గాల్లోనే తిరిగి వెనక్కి ఎగిరింది. వచ్చి పసుపు గీత మీద, వదిన చెప్పు పక్కనే పడింది.

ఎవరూ నవ్వలేదు.

"కాలికి తగల్లేదుగా, ఇంకేం పర్లేదు," అంటూ వదిన వంగి దాన్ని తీసుకుంది.  మూడోసారి పైకెత్తింది.

"ఆపు!"

ఆ మాట వినబడితే ఎవరైనా సరే గొడ్డలి కింద పెట్టెయ్యాలి. కారణం లేకుండా అరిస్తే అరిచినవాళ్ల జట్టు ఒక విడత పోగొట్టుకుంటుంది. వదిన గొడ్డలి దించింది. అరిచింది తనేనని చిత్రకారిణికి అప్పుడు తెలిసింది.

"వదిన తప్పేం లేదు. చెక్కల్ని నేనే పాడుచేశాను. ప్రైమర్, వార్నిష్ వేశాను. అవి నీళ్లు తాగట్లేదు," అంది ఒక్క గుక్కలో.

డ్రిల్లు మేడం వెళ్లి చెక్కని గోటితో గీకింది. గోటికి రంగు పెచ్చు లేచింది. చిత్రకారిణి తలుపువైపే చూస్తూ నిలబడింది.

"మొదటిసారే ఎందుకు చెప్పలేదు?"

"భయమేసింది మేడం."

"గొడ్డలి మీ వదిన మొహానికి తగిలుంటే?"

చిత్రకారిణి వదిన వైపు చూసింది. మేడం అవతలి జట్టువైపు తిరిగి, "తప్పు మాది. ఒక విడత మీకొదిలేస్తున్నాం," అంది. తర్వాత గొంతు పెంచింది. "చూస్తారేం? మరలు విప్పండి. వెనకవైపు పూత లేని చెక్కేగా!"

బాబాయ్ మరలు విప్పాడు. నలుగురూ పట్టి చెక్కల్ని తిప్పారు. వదిన దగ్గరుండి తడిపింది. ఈసారి చెక్క గటగటా తాగి నల్లబడింది.

"ఇప్పుడు గీతలెవరు గీస్తారు? మళ్లీ తనేనా?" అన్నాడు అవతలి జట్టాయన.

"ఇంకెవరు?" అంది వదిన. ఆడపడుచు వైపు చూడకుండానే అంది, ఇంకా కోపంగానే ఉంది. అయినా నడిమధ్య మేకు పెట్టి, దారం కట్టి, రెండో కొస ఆమె చేతికిచ్చింది.

చిత్రకారిణి సంచిలోంచి బొగ్గు తీసింది. తడి చెక్క మీద తుడవడానికి లేదు, రుద్దడానికి లేదు. వెనకాల ఇరవైమంది కాచుకుని ఉన్నారు. చెయ్యి ఆనించి లాగింది. చెక్కలోని పీచుకి తట్టుకుని గీత వంకర పోయింది. ఆమె ఆగలేదు. వలయం వచ్చి మొదలు దగ్గర కలిసింది. దారం కుదించి లోపల ఇంకోటి గీసింది.

"ఇది గుండ్రమేనా తల్లీ?" అన్నాడు బాబాయ్.

"మీ బస్సు చక్రం కంటే నయమే," అంది ఆమె. ఆయనే అందరికంటే ముందు నవ్వాడు.

వదిన మళ్లీ గీత దగ్గరికెళ్లింది. రెండు చేతులతో విసిరింది. దబ్! గొడ్డలి లోపలి వలయం గీతమీదే దిగబడి, చెక్కని అడుగుదాకా చీల్చింది. బొగ్గు గీత రెండుగా తెగి, చీలిక పొడవునా నల్లటి ధూళి కిందికి సాగింది. తాను ఎన్నాళ్లు కూర్చున్నా గీయలేని గీత అది. కళ్లు తిప్పుకోలేకపోయింది చిత్రకారిణి.

"మేడం, ఈ చెక్క పారేసేటప్పుడు నాకివ్వాలి."

"ఎందుకు? మళ్లీ వార్నిష్ పూస్తావా?"

"పూయను. దానిమీద ఇలాగే గీస్తాను."

"అది తర్వాత. ముందు నీ వంతు కానియ్," అని మేడం గొడ్డలి అందించింది.

ఆమె అందుకుంది. వేళ్ల బొగ్గు గొడ్డలి పిడికంతా అంటింది. తుడుచుకోకుండానే చెయ్యెత్తింది.