వేలికి అందని నిచ్చెన

నేను ఒక వెదురు నిచ్చెనను. పుట్టింది రంపచోడవరం పొదల్లో, రూపం వచ్చింది ఒక మేదరి చేతుల్లో. మొదట సున్నాలు వేసే పోలయ్య దగ్గర ఉన్నాను. అతని భుజమెక్కి మండపేట వీధులన్నీ తిరిగేదాన్ని. గోడ దగ్గరికి రాగానే అతను నన్నెక్కేవాడు. ఏరు దాటాక తెప్ప తగలేసే మనుషులు కూడా నిచ్చెన జోలికి రారు. దిగాలి కదా!

పోలయ్యకు మోకాళ్ళు పట్టేశాక నన్ను వడ్రంగి కామాచారికి ఇచ్చేశాడు. పిండిమర పక్కన ఇరుకు షెడ్డు ఆయనది. అక్కడ నా కింది మెట్టు విరిగి మూలన చేరాను. ఇక పొయ్యిలోకే అనుకుని దిగులుపడ్డాను.

కామాచారి అలమరా తలుపులు చేస్తే, ఆయన భార్య భ్రమరాంబ వాటికి పాలిష్ వేసేది. చెయ్యి తిరిగిన మనిషి. చిక్కల్లా ఆరబెట్టడం దగ్గరే. నేలమీద పరిస్తే నడవడానికి దారి ఉండదు, గోడకు ఆనిస్తే పిండిమర దుమ్ము. పైగా తడి పాలిష్ కనబడితే జనానికి వేలు దురద. టీ తెచ్చినవాడూ, మేకులు అడగడానికి వచ్చినవాడూ "ఆరిందా?" అంటూ తాకి చూసేవారు. పరాయి పనిలో వేలు పెట్టకూడదని అందరూ చెబుతారు గానీ, పెట్టని వేలును నేను చూడలేదు.

వంటింటి అలమరా తలుపులు చేయించుకుంటున్న సుభద్రమ్మగారు రెండోసారి కూడా మరక చూసి మండిపడ్డారు.

"గురువారం గృహప్రవేశం ఆచారిగారూ! ఈసారీ వేలిముద్ర కనబడిందో, పని రామచంద్రపురం వాళ్ళకి ఇచ్చేస్తాను."

ఆవిడ వెళ్ళాక భ్రమరాంబ ఆ తలుపును వెలుగుకు తిప్పింది. ముద్ర మధ్యలో ఏటవాలుగా ఒక గీత ఉంది.

"ఏవండీ, మీ బొటనవేలు ఇలా చూపించండి."

ఎప్పుడో ఉలి తగిలి తెగిన వేలు అది. కామాచారి చెయ్యి వెనక్కి దాచుకున్నాడు.

"ఆరిందో లేదో చూశానే..."

"చూట్టానికి కళ్ళు లేవేంటి?"

అంతే. ఆమె నన్ను మూలనుంచి లాగి, రెండు గిలకల మీదుగా తాళ్ళు వేసి నేలకు సమంగా వేలాడదీసింది. పాలిష్ వేసిన తలుపు అంచుకు, ఎవరికీ కనబడని వైపు, కొక్కెం బిగించి మెట్టుకొక్కటి చొప్పున తగిలించింది. ఇద్దరూ తాడు లాగి నన్ను పైకప్పు దాకా ఎత్తారు. తాడు కొస తన పనిబల్ల కాలికి కట్టుకుంది. కింద షెడ్డంతా ఖాళీ! పైన నేను, నా నిండా నిగనిగలాడే తలుపులు. సంతోషం పట్టలేకపోయాను.

బుధవారం మధ్యాహ్నం కామాచారి మెడ పైకెత్తి నా కింద అటూ ఇటూ తిరిగాడు. బొటనవేలు ఊరికే ఉండడం లేదు. తాడు విప్పుదామంటే భ్రమరాంబ బల్ల దగ్గరే కూర్చుని ఉంది.

"రేపే కదే ముహూర్తం. ఒక్కసారి ఎక్కి చూసొస్తాను. నిచ్చెనేదీ?" అని మూలంతా వెతికాడు.

ఆమె తల ఎత్తకుండానే అంది: "పైనుంది. ఎక్కి తెచ్చుకోండి."

ఆయన నావంక చూసి పకపకా నవ్వేశాడు.

గురువారం పొద్దున్నే తలుపులు వెళ్ళాయి. సుభద్రమ్మగారు వాటిని అరచేత్తో నిమిరి, దేవుడి గది తలుపులు కూడా ఇక్కడే చెయ్యమని కబురు పంపారు. ఇన్నేళ్ళూ ఎంతమందిని పైకెక్కించానో, ఎవరూ నా పేరెత్తలేదు. ఒక్క మనిషిని కిందే నిలబెట్టాను, మండపేటంతా నన్ను చూడటానికి వస్తోంది.