మీ వెంట ఎవరూ లేరా మేడమ్

ఐదు రోజులకు సరిపడా అడోబో మాంసం కూర వండి, డబ్బాల్లో సర్ది ఫ్రిజ్‌లో పెట్టింది పెర్లీతా. అత్తగారు తలుపు తెరిచి చూసి, అన్నం కూడా వండేసి వెళ్తే బావుండేదంది. ఐదు రోజుల అన్నం. భర్త రోడెల్ సోఫా మీంచి కాళ్ళు దించకుండానే, కొరియాలో నీకేం పని అని మళ్ళీ అడిగాడు.

పనేమీ లేదు. అందుకే వెళ్తోంది. బూసాన్‌లో ఫ్యాక్టరీలో పనిచేసే చెల్లెలు మారిసెల్, నువ్వొచ్చి ఊరికే కూర్చో అక్కా, నేను వండిపెడతానని టికెట్ పంపింది. పెళ్ళయ్యాక ‘ఊరికే కూర్చో’ అన్న మాట ఎవరి నోటా వినలేదు పెర్లీతా. వీసా కాగితాలన్నీ తనే తిరిగి తెచ్చుకుంది. మూడు నెలల దాకా ఉండొచ్చని ఇచ్చారు. ఐదు రోజులు చాల్లే అని రోడెల్ తేల్చేశాడు. ఆమె సరేనంది.

మనీలా విమానాశ్రయంలో విమాన సంస్థ కౌంటర్ అమ్మాయి పాస్‌పోర్టు తిరగేసి, సూపర్‌వైజర్ని పిలిచింది. ఎల్డ్రిన్ అని అతని చొక్కా మీద రాసుంది. వస్తూనే ఆమె వెనక ఎవరున్నారా అని చూశాడు.

“మీ వెంట ఎవరూ లేరా మేడమ్?”

లేరంది. ఉద్యోగమేంటని అడిగాడు. పెళ్ళి గౌన్లు కుడతానంది. ఎక్కడ కుడతారన్నాడు. ఇంట్లోనే అంది.

“అంటే ఉద్యోగం లేదన్నమాట.”

తను కుట్టిన గౌన్ల మీదే ఆ ఇల్లు నడుస్తోంది. వాటిని ఉద్యోగం కాదన్నవాళ్ళలో ఇతను మొదటివాడు కాదు. కొరియావాళ్ళు వీసా ఇచ్చారు కదా అని అడిగింది.

“వీసా వాళ్ళిష్టం మేడమ్. విమానం ఎక్కించడం మా ఇష్టం. అనుమానమొస్తే ఆపే అధికారం మాకుంది. వాళ్ళు మిమ్మల్ని వెనక్కి పంపితే ఖర్చు మా నెత్తిన పడుతుంది.”

ఈగను తోలినట్టు అంటున్నాడు ఆ మేడమ్ అనే మాటని. పక్క వరుసలో గోల్ఫ్ కర్రల సంచులతో మగవాళ్ళ గుంపొకటి నవ్వుకుంటూ ముందుకెళ్ళింది. పెళ్ళాలు ఎక్కడున్నారని వాళ్ళలో ఒక్కణ్ణీ అడగలేదు. వాళ్ళు తిరిగొస్తారని ఎవరికీ అనుమానం రాలేదు. ఇంట్లో వేళకు అన్నం పెట్టేవాళ్ళున్న మగాడు తిరిగి రాకేం చేస్తాడు?

మీవారితో ఒకసారి మాట్లాడించండన్నాడు ఎల్డ్రిన్. ఆమె ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది. తిరిగొస్తుందని రోడెల్ ఒక్క మాటంటే చాలు. వెనక అత్తగారు బియ్యం ఎక్కడున్నాయని అరుస్తుంటే, నాకేం తెలుసని అతను తిరిగి అరిచాడు.

“మొండికేసి బయల్దేరింది సార్,” అన్నాడు రోడెల్. “తిరిగొస్తుందని నేను మాత్రం పూచీ పడలేను.” ఆ తర్వాత నవ్వాడు.

ఎల్డ్రిన్ కూడా నవ్వాడు. పాస్‌పోర్టు వెనక్కిచ్చి, ఇంటికెళ్ళి కుటుంబంతో మాట్లాడుకోమన్నాడు. కౌంటర్ అమ్మాయి తల దించుకుంది.

ఏడుపు వస్తుందనుకుంది పెర్లీతా. రాలేదు. పట్టు అని చెప్పి అంటగట్టిన బట్టను వేళ్ళ మధ్య నలిపి, నైలాన్ అని తెలుసుకున్నప్పటి చిరాకు కలిగింది, అంతే. ఇన్నేళ్ళూ ఈ మనిషికా తను జడిసింది? బియ్యం డబ్బా ఎక్కడుందో తెలియనివాడికా? ఈ ఎల్డ్రిన్ ఇంకా నయం, ఆపినందుకు అతనికి జీతమైనా ఇస్తున్నారు.

బయటికి పోయే దారి పక్కనుంచే ట్రాలీ తోసుకుంటూ వెళ్ళి, వేరే విమాన సంస్థ టికెట్ల గది ముందు ఆగింది. లోపల కళ్ళజోడు పెట్టుకున్న పెద్దావిడ వీసా వైపు చూసి, సరిగ్గానే ఉందంది. సాయంత్రం బూసాన్ విమానంలో చోటుందంది. ఎవరితో వెళ్తున్నారని అడగలేదు. గౌన్లు కుట్టి దాచుకున్న డబ్బు తీసి బల్ల మీద పెట్టింది పెర్లీతా.

బ్యాగులో ఫోన్ మోగడం మొదలుపెట్టింది. రోడెల్. భోజనం వేళయింది.

“తిరుగు టికెట్ ఎప్పటికి వేయమంటారు?” అడిగిందావిడ.

పెర్లీతా బ్యాగు జిప్పు మూసింది.

“వీసా ఆఖరి రోజుకి.”