జమున వస్తేనే ఆగే మిషన్

పైన ఫ్యాన్ తిరుగుతూనే ఉండగా ప్రింటు మిషన్ ఒక్కటే ఆరిపోయేసరికి, ఎవరో తనను చూసి మరీ దాన్ని ఆపుతున్నారని జమునకు అర్థమైంది.

ఇన్నాళ్లూ చెడిపోయిందనుకుంది. ఆ మిషన్ వచ్చాక భూపాలపల్లి కాలేజీలో ప్రింటు కోసం ఎవరినీ బతిమాలక్కర్లేదు. ఫోన్లోంచి ఫైలు పంపి, తెర మీద నంబరు నొక్కితే కాగితాలు వచ్చి పడతాయి. జమున వస్తే మాత్రం ఆగిపోతుంది, కాసేపటికి దానంతటదే వెలుగుతుంది. ఆ కాసేపూ ఆమె అక్కడే నిలబడి, కురవి దగ్గరి తండాలో ఉన్న తల్లికి ఫోన్ చేసి "యాడీ" అంటూ లంబాడీలో మాట్లాడుకునేది. కాలేజీలో తండా పిల్లలు మరికొందరు ఉన్నారు గానీ నలుగురిలో ఆ మాట పలకరు. అద్దె గదికి పోతే పలకరించేవాళ్లే లేరు.

ఈ రోజు ఫోన్ చేసే తీరిక లేదు. నాలుగింటికి ల్యాబ్ మేడమ్ వెళ్లిపోతారు. ఈలోగా రికార్డు ప్రింటు తీసి ఇవ్వకపోతే ప్రాక్టికల్స్‌కు రానివ్వరు.

వెనక నిలబడ్డ జూనియర్ ధీరజ్ నవ్వాడు. "అక్కా, జర దూరం జరుగు. నిన్ను జూస్తెనే దానికి జెరమొస్తది."

"నోర్ముయ్‌రా! నా సంవత్సరం పోతదిక్కడ."

ఆమె వంగి మిషన్ తీగ వెంట చూపు పోనిచ్చింది. అది గోడకున్న రంధ్రంలోంచి పక్కనున్న వాచ్‌మన్ గదిలోకి దూరింది. వెళ్లి తలుపు తోసింది.

వాచ్‌మన్ ప్రేమ్‌సింగ్ చేయి ఇంకా స్విచ్ మీదే ఉంది. బిహార్ కాపలావాళ్లతో కలిసి వచ్చిన ముసలాయన. పేరులో సింగ్ ఉందని అందరూ హిందీలోనే మాట్లాడతారు. జమున కూడా "నమస్తే చాచా" అని దాటిపోయేదే.

"క్యోఁ బంద్ కియా?" అని, ఎందుకు ఆపావని హిందీలోనే అరిచింది.

అతను తలెత్తలేదు. జవాబు మాత్రం అచ్చం ఆమె తల్లి మాట్లాడే లంబాడీలో వచ్చింది.

"నేనే బంద్ చేసిన బేటీ. ఎప్పుడూ నేనే, ఆ తీగ రంధ్రంలకెల్లి నిన్ను జూసి. మిషన్ నడిస్తె కాయితాలు తీసుకొని పోతవు. ఆగితే మీ యాడికి ఫోన్ చేస్తవు. గోడకు చెవి పెట్టి ఇంటుంట. మీ మేక ఈనిందని నువ్వు నవ్వినప్పుడు నేను గూడ నవ్విన. మాది మానుకోట దిక్కు తండానే. అందరు హిందీవాడు అనుకున్నరు, మొదట్ల తమాషా అనిపించింది, తర్వాత చెప్పుడు సిగ్గయింది. నా పెండ్లాం రుక్కి సచ్చిపోయినంక నాతోని మన మాట మాట్లాడినోళ్లు లేరు. నీ చదువుకు అడ్డమైతదని ఎరుకలేదు, తప్పే. ఇగో, స్విచ్ మల్ల ఏసిన, కాయితాలొస్తున్నయ్, ఉరుకు. ప్రిన్సిపాల్ సారుకు చెప్తవో, నన్ను తిడతవో నీ ఇష్టం. తిడితే మాత్రం మన మాటల్లనే తిట్టు."